నలుగురి చేతుల క్రిస్మస్

డిసెంబరు వస్తోందంటే ఇంట్లో ఎన్ని సంకల్పాలు పుడతాయో మీకు తెలుసు. ఈసారి స్టార్ కొనకూడదు, వెదురు బద్దలు తెచ్చి ఇంట్లోనే కట్టాలి. పుట్టబోయే మనవడికో మనవరాలికో పాత నూలు చీరలతో బొంత కుట్టాలి. గులాబీ పువ్వులు, కజ్జికాయలు, అరిసెలు, కేకు అన్నీ ఇంట్లోనే చేసి ఇరుగుపొరుగుకు పంచాలి. ఇవన్నీ మంచి కోరికలే. మరి ఇరవై నాలుగో తేదీ రాత్రికి ఏమవుతోంది? అందరూ చర్చికి తయారవుతుంటే ఒక మనిషి ఇంకా పొయ్యి దగ్గరే నిలబడి ఆఖరి వాయి తీస్తూ ఉంటుంది. బొంత సగం కుట్టి బీరువా మీద పడి ఉంటుంది. స్టార్ చివరికి బజారు నుంచే వస్తుంది. "వచ్చే ఏడాది ఇవేవీ నెత్తిన పెట్టుకోను" అనే మాటతో పండుగ గడిచిపోతుంది. మీ ఇంట్లోనూ ఇదే వరస అయితే, ఈ అధ్యాయం మీ కోసమే.

ఎందుకిలా జరుగుతోంది? తీరిక లేక అని కొందరంటారు, చేతిలో నేర్పు లేక అని ఇంకొందరంటారు. అసలు కారణం వేరే ఉంది. పండుగకు మనం ఇంట్లో చేసే పనుల్లో చాలావరకు నలుగురు కలిసి చేసుకోవడానికి పుట్టినవి. ఆ పనుల్ని అలాగే ఉంచుకున్నాం గానీ, చేసే చేతుల్ని మాత్రం నాలుగు జతల నుంచి ఒక్క జతకు తగ్గించేశాం. బరువు వచ్చింది అక్కడే. అందుకే ఈ అధ్యాయమంతా ఒకే మాట చెబుతుంది: పనులు తక్కువ ఎంచుకోండి, ముందుగా మొదలుపెట్టండి, ఎంచుకున్న ప్రతి పనినీ ఇంట్లోవాళ్లందరికీ పంచండి. ఈ మూడింటిలో మూడోది జరగకపోతే మొదటి రెండూ నిలవవు.

నమ్మకం కుదరకపోతే అరిసెల పని చూడండి. నానిన బియ్యాన్ని తడి ఆరకముందే పిండి చేసుకోవాలి. పాకం ఉండకట్టే పదునుకు రాగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆగకుండా తిప్పాలి. ఆ తర్వాత ఒకరు చలిమిడి ఉండను చేత్తో తట్టాలి, ఒకరు నూనెలో వేసి తిప్పాలి, ఒకరు వేగిన అరిసెను చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తాలి. ఇదంతా ఒక్కరే చేయబోతే చలిమిడి బిగుసుకుపోతుంది, మూకుట్లో నూనె కాగిపోతుంది. కజ్జికాయలూ అంతే: ఒత్తేవాళ్లు, కూరేవాళ్లు, అంచు మూసేవాళ్లు, వేయించేవాళ్లు. పని పుట్టుకలోనే నలుగురికి చోటుంది. బొంత సంగతీ ఇదే. నేల మీద పరిస్తే దానికి నాలుగు వైపులున్నాయి, నాలుగు వైపులా మనుషులు కూర్చోవచ్చు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, పాత పని బట్టల ముక్కలతో బొంతలు కుట్టడంలో లోకమంతా పేరు తెచ్చుకున్న గీస్ బెండ్ ప్రాంతపు నల్లజాతి స్త్రీలు ఒకరి బొంతకు ఇంకొకరు చేయి సాయం పట్టేవారు. 1966లో అక్కడ ఏర్పడిన సహకార సంఘానికి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే పేరు పెట్టుకున్నారు. నలుగురూ కలిసి కూర్చుని కుట్టే కూటాన్నే అక్కడ 'బీ' అంటారు. దేశం వేరైనా ఈ పని నడిచే తీరు ఒకటే.

ఇప్పుడు మన ఇళ్లలో ఆ చేతులు ఎక్కడున్నాయి? 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేను చూడండి. జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి ఇస్తే, మగవాళ్లు 97 నిమిషాలు ఇచ్చారు. ఇది మామూలు రోజుల లెక్క. దాని మీద పండుగ పని కూడా వచ్చి పడితే అది ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? అదీగాక, చేతిపని అనగానే మనం దాన్ని పనిగా లెక్కించం. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును రోజూ గంటల తరబడి తయారు చేస్తున్నా, ఆ స్త్రీలను పనివాళ్లుగా కాక తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారని ఆమె చూపించారు. మన ఇళ్లలో పండుగ పనికీ ఇదే గతి పడుతోంది. "అమ్మకు ఇష్టం, అందుకే చేస్తోంది" అని అందరూ తప్పుకుంటున్నారు. ఇష్టం ఉండటం నిజమే. ఇష్టం ఉన్నంత మాత్రాన నడుం నొప్పి రాకుండా ఉంటుందా? కాబట్టి చేతితో చేసుకునే క్రిస్మస్ అందంగా ఉండాలంటే మొదట పని పంపకం న్యాయంగా ఉండాలి. అదెలా చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. వస్తువు కంటే ముందు మనిషి పేరు రాయండి

ఒక కాగితం తీసుకుని, మీరు చేతితో ఏదైనా చేసి ఇవ్వాలనుకునే వాళ్ల పేర్లు రాయండి. పేరు పక్కన వాళ్లు నిజంగా వాడుకునేది ఏమిటో రాయండి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు: ఎక్కడో చూసిన ఒక అందమైన వస్తువు ముందు నచ్చుతుంది, తర్వాత అది ఎవరికివ్వాలా అని వెతుకుతారు. పరిశోధకులు ఫ్రాన్సెస్కా జీనో, ఫ్రాంక్ ఫ్లిన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో ఒక విషయం తేలింది: ఇచ్చేవాళ్లు తమంతట తాము ఆలోచించి తెచ్చిన బహుమతికీ, అడిగింది తెచ్చినదానికీ పెద్ద తేడా ఉండదనుకుంటారు, పుచ్చుకునేవాళ్లు మాత్రం తాము అడిగినదానికే ఎక్కువ సంతోషిస్తారు. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. "అత్తయ్యా, ఈసారి మీకు ఏం చేసి పెట్టమంటారు?" అన్న ప్రశ్నకు "పంటికి మెత్తగా ఉండే కేకు ముక్క చాలమ్మా" అనే జవాబు వచ్చిందనుకోండి, ఒక పూట జంతికల పని తప్పినట్టే. చక్కెర జబ్బు ఉన్న మామయ్యకు డబ్బా నిండా అరిసెలు పంపితే అది ఆయనకు పరీక్ష అవుతుంది. ఆయన పడక కుర్చీకి ఒక చిన్న దిండు గలీబు కుట్టి ఇస్తే ఏడాదంతా వాడతారు.

2. ప్రేమను లెక్కపెట్టలేం, పనిని లెక్కపెట్టగలం

బొంత కుట్టాలనుకున్నప్పుడు ఎంత పని ఉందో అంకెల్లో చూసుకోండి. పసిపాపకు 90 సెంటీమీటర్ల చదరపు బొంత అనుకుందాం. మూడు సెంటీమీటర్లకు ఒక వరస కుట్టు వేస్తే 30 వరసలు వస్తాయి, అంటే 27 మీటర్ల కుట్టు. మీటరుకు పావుగంట పడుతుందనుకుంటే దాదాపు ఏడు గంటలు. కత్తిరింపు, అంచు మడత కలుపుకుంటే పది గంటలు. అదే ఇద్దరు పడుకునే మంచానికి, రెండుంపావు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవుతో కుట్టాలంటే 75 వరసలు, దాదాపు 188 మీటర్లు, కుట్టుకే 47 గంటలు. రెండింటినీ మనం 'ఒక బొంత' అనే అంటాం గానీ వాటి మధ్య దాదాపు ఏడు రెట్ల తేడా ఉంది. డిసెంబరులో మొదలుపెట్టిన పెద్ద బొంత బీరువా మీద ఎందుకు ఉండిపోతుందో ఈ లెక్కలోనే తెలుస్తోంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఏ పనికైనా ఎంతసేపు పడుతుందో మనుషులు తక్కువగానే అంచనా వేస్తారు. 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బ్యూలర్ బృందం తమ పరిశోధన వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే, సగటున 33.9 రోజులన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. సోమరితనం వల్ల ఇలా జరగలేదు. అడ్డంకులు లేని రోజును ఊహించుకుని లెక్క వేయడం మన అందరి స్వభావం. మీకు తోచిన గంటలకు ఇంకో సగం కలిపి రాసుకోండి. మధ్యలో జ్వరాలూ, చుట్టాలూ, కరెంటు కోతలూ వస్తే ఆ సగమే మిమ్మల్ని కాపాడుతుంది.

3. మూడు పనులు చాలు

కంటికి ఒకటి, ఒంటికి ఒకటి, నోటికి ఒకటి. ఇంటి ముందు వేలాడదీసే స్టార్ గానీ ఇంట్లో పేర్చే పశువుల పాక గానీ కంటికి. బొంత, దిండు గలీబు, అల్లిన టోపీ లాంటిది ఒంటికి. ఒకటో రెండో పిండివంటలు నోటికి. ఇంతకు మించి పెట్టుకోకండి. "పది రకాలు లేకపోతే పండుగలా ఉండదు" అనేవాళ్లుంటారు. కరోల్స్ పాడేవాళ్లు రాత్రి మీ ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో పెట్టేది ఒక పళ్లెం. ఆ పళ్లెంలో రెండు రకాలు ఇంట్లో కరకరలాడేలా చేసినవి ఉంటే చాలు. పక్కన అరటిపండు పెట్టండి. పది రకాల్లో ఎనిమిది హడావుడిగా చేసినవైతే తినేవాళ్ల నాలుకకు ఆ తేడా తెలుస్తుంది.

4. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో మనిషిని పెట్టండి

"కాస్త సాయం చేయండి" అని అంటే ఎవరూ కదలరు. ఏం చేయాలో తెలియదు కాబట్టి కదలరు. "బద్దలకు గుర్తులు నువ్వు పెట్టు, కట్లు నాన్న కడతాడు, కాగితం చెల్లి అంటిస్తుంది" అంటే కదులుతారు. స్టార్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 90 సెంటీమీటర్ల వెదురు బద్దలు పది కావాలి, 15 సెంటీమీటర్ల చిన్న బద్దలు ఐదు కావాలి. ప్రతి పెద్ద బద్దకూ రెండు చివరల నుంచీ 34 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. బద్దలు ఒకదాన్నొకటి దాటాల్సింది ఆ గుర్తుల దగ్గరే. మధ్యలో 22 సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది. ఈ గుర్తులు పెట్టకుండా కంటి అంచనాతో కట్టడం వల్లే చాలా స్టార్లకు ఒక కొమ్ము పొడుగు, ఒక కొమ్ము పొట్టి అవుతాయి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు విడిగా కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొసలనూ పురికొసతో బిగించండి. తర్వాత లోపలి ఐదు మూలల దగ్గర చిన్న బద్దలు నిలబెట్టి కడితే స్టార్ రెండు వైపులా ఉబ్బుతుంది. మైదా జిగురుతో రంగు కాగితం అంటించేటప్పుడు ఒక పక్క చేయి పట్టేంత తలుపు వదలండి. లోపల బల్బు మార్చాలంటే అదే దారి. పాతకాలపు వేడెక్కే బల్బు కాగితం దగ్గర పెట్టకండి, చిన్న ఎల్ఈడీ బల్బు చాలు. మంచుకు తడిసే చోట వైరు అతుకులు తెరిచి ఉంచకండి, ఈ పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

ఇందులో ఎన్ని పనులున్నాయో చూశారా? కొలవడం, కోయడం, కట్టడం, జిగురు కాచడం, కాగితం కత్తిరించడం, అంటించడం, దీపం అమర్చడం. ఏడు పనులకు ఏడుగురు అక్కర్లేదు గానీ, ఏడేళ్ల పాప నుంచి డెబ్బై ఏళ్ల తాతయ్య దాకా అందరికీ చోటుంది.

5. బొంతను చిన్నదిగా, శుభ్రంగా, ఓపిగ్గా మొదలుపెట్టండి

మెత్తబడిన నూలు చీరలు ఎంచుకోండి. పట్టు చీరలు జారిపోతాయి, సింథటిక్ చీరలు పాప చెమటను పీల్చవు. గంజి పోయేలా ఉతికి ఎండబెట్టి, ఇస్త్రీ చేసిన తర్వాతే కత్తిరించండి. రంగు దిగే చీరను విడిగా నానబెట్టి పరీక్షించండి, లేకపోతే మొదటి ఉతుకులోనే తెల్ల గుడ్డ మీదకు ఆ రంగు దిగుతుంది. మూడు నాలుగు పొరలు చాలు. పొరలు పరిచాక ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి కదలకుండా ఆపండి. అసలు కుట్టు నడిమధ్య నుంచి అంచుల వైపు పోనివ్వండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యలో ముడతగా పోగై, చివరికి విప్పాల్సి వస్తుంది. పసిపిల్లల బొంతకు అద్దాలు, పూసలు, గుండీలు కుట్టకండి. ఒకరి కుట్టు దగ్గరగా, ఇంకొకరి కుట్టు దూరంగా ఉంటుందని భయపడకండి. నాయనమ్మ ఒక వైపు, మేనత్త ఒక వైపు, పదమూడేళ్ల అన్నయ్య ఒక వైపు కుట్టిన బొంతలో ఎవరి వరస ఎవరిదో కనిపించడమే దాని విలువ. పిల్లవాడికి ఊహ తెలిశాక ఆ వరసలు చూపించి ఇంటిల్లిపాది పేర్లూ చెప్పవచ్చు.

6. పిండివంటల్లో వేళ, పదును పాటించండి

గులాబీ పువ్వులు చేయబోతున్నారా? అచ్చు కొత్తదైతే ముందు రోజే నూనెలో ఉంచండి. మైదా, కొద్దిగా బియ్యప్పిండి, పంచదార పొడి, కొబ్బరిపాలు, గుడ్డు కలిపిన పిండి గరిటె వెనక పల్చగా అంటుకుని నిలిచేంత జారుగా ఉండాలి. అచ్చును నూనెలో బాగా వేడి చేసి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అచ్చు పైఅంచు దాటి పిండి ఎక్కితే పువ్వు విడివడి రాదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పిండి అచ్చుకు అసలు అంటుకోకపోతే అచ్చు చల్లగానైనా ఉండి ఉంటుంది, మరీ కాగిపోయైనా ఉంటుంది. ఒక్కోసారి పిండి మరీ పల్చబడినా అలాగే జారిపోతుంది. ఒక అచ్చుతో ఒక్కొక్క పువ్వే వస్తుంది కాబట్టి ఒక మనిషి గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది. రెండు అచ్చులు పెట్టుకోండి, అరగంటకొకసారి మనిషి మారండి. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టండి. వెచ్చగా ఉన్నప్పుడు మూత పెడితే మెత్తబడతాయి. కజ్జికాయల్లో పచ్చికొబ్బరి రుచిగా ఉంటుంది గానీ త్వరగా పాడవుతుంది. పండుగకు వారం ముందే చేసేట్టయితే ఎండుకొబ్బరి, వేయించిన పుట్నాల పొడి వాడండి.

కేకు విషయంలో ఒక పొరపాటు ఏటా జరుగుతుంటుంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీఫ్రూటీ నెల ముందే నానబెట్టాలని విని, పండ్ల రసంలో వేసి వారాల తరబడి బయట ఉంచేస్తారు. అన్ని రోజులు ఉంచడం రమ్ములో నానబెట్టేవాళ్ల పద్ధతి. ద్రాక్ష రసమో నారింజ రసమో వాడే ఇళ్లలో ఫ్రిజ్‌లో రెండు రోజులు చాలు, ఆపైన పులుస్తుంది. నానిన పండ్లను వడకట్టి, పొడి మైదాలో దొర్లించి కలిపితే అడుక్కి దిగవు. నల్లటి రంగు కోసం పంచదార మాడ్చి పాకం తీసేటప్పుడు నీళ్లు పోయగానే ఎగిరి చిమ్ముతుంది. స్టవ్ ఆపి, వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి, పిల్లల్ని ఆ దరిదాపుల్లో ఉంచకండి.

7. నాలుగు ఆదివారాలను వాడుకోండి

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను క్రైస్తవ సంప్రదాయం ఆగమన కాలంగా ఎప్పుడో ఏర్పరచింది. ఎదురుచూడటానికి, సిద్ధపడటానికి ఉద్దేశించిన రోజులవి. మీ పనుల పట్టికను వాటి మీదే కట్టుకోండి; కింద చెప్పినవాటిలో మీరు ఎంచుకున్న మూడు పనులే తీసుకోండి. బొంతను నవంబరు మొదట్లోనే, ఆదివారం ఆరాధన అయ్యాక రెండు గంటల చొప్పున మొదలుపెట్టండి. ఆగమన కాలపు మొదటి ఆదివారానికి స్టార్ వెలగాలి, కరోల్స్ వాళ్లు వచ్చేసరికి ఇల్లు దూరం నుంచే కనిపిస్తుంది. రెండో ఆదివారం బొంత అంచు మడిచి ముగించండి, పశువుల పాకకు గడ్డీ, మట్టి బొమ్మలూ సిద్ధం చేయండి. మూడో ఆదివారం అరిసెలు చేయండి, అవి ఆగగలవు. నాలుగో ఆదివారం గులాబీ పువ్వులు, కేకు. ఆ ఆదివారం మరీ పండుగ దగ్గర పడితే ముందు శనివారానికి జరుపుకోండి. ఇరవై మూడు సాయంత్రం తర్వాత కొత్త పని ఏదీ మొదలుపెట్టకండి. మిగిలింది ఏదైనా ఉంటే మిగిలిపోనివ్వండి.

తరచూ వచ్చే అభ్యంతరాలు

"బజారులో స్టార్ చవగ్గా దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు?" నిజమే, డబ్బు మిగుల్చుకోవడానికే అయితే వద్దు. వెదురు, కాగితం, బల్బు, ఐదుగురి సమయం లెక్క కడితే కొన్నదే చవక. కొన్న స్టార్ ఇవ్వలేనిది ఒకటుంది: తండ్రీ కొడుకులు ఒక పూట ఒకే పని మీద పక్కపక్కన కూర్చోవడం. అది మీకు అవసరం అనిపిస్తేనే కట్టండి. కొనడం తక్కువ పని అనీ అనుకోకండి. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే రొట్టెల వ్యాపారి 1883లో, ఒక బ్రిటిష్ వ్యక్తి ఇచ్చిన మచ్చు చూసి, మన దేశంలో తొలి క్రిస్మస్ కేకు తయారు చేశాడని చెబుతారు. అంటే బేకరీ కేకుకూ దక్షిణాదిలో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కేకు కొనుక్కుని, ఆ పూట బొంత కుట్టుకుంటే ఎవరూ ఏమీ నష్టపోరు.

"పిల్లలు చేయి పెడితే పాడు చేస్తారు" అంటారు. కొంత పాడు చేస్తారు, ఒప్పుకోవాల్సిందే. అయినా లోకంలో పేరున్న క్రిస్మస్ నక్షత్రాల్లో ఒకటైన మొరేవియన్ స్టార్ పుట్టింది బడిలోనే. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో 1830లలో ఒక హాస్టలు బడి పిల్లలకు జ్యామితి నేర్పడానికి కాగితంతో చేయించిన పని అది. పిల్లలకు ఇచ్చే పని వాళ్ల వయసుకు తగ్గదై ఉండాలి: ఆరేళ్లకు రంగు వేయడం, పదేళ్లకు కొలత, పదమూడేళ్లకు సూదీదారం. ఇచ్చాక మీరు రాత్రిపూట కూర్చుని దాన్ని విప్పి సరిచేయకండి. మరుసటి రోజు వాళ్లు గమనిస్తారు, ఇంకోసారి ముందుకు రారు.

"మా ఇంట్లో మగవాళ్లకు ఇవేవీ రావు" అనేది ఇంకో మాట. ఊళ్లో చర్చి ముందు పెద్ద స్టార్ కట్టేది ఎవరు? యువకులే కదా. పెళ్లిళ్లలో వందలమందికి బూందీ దూసేదీ, అరిసెల పాకం తీసేదీ ఎక్కువగా మగ వంటవాళ్లే. చేతకాకపోవడం అన్నది ఇక్కడ అసలు సమస్యే కాదు. ఆ పని తమది అని ఎవరూ చెప్పకపోవడమే సమస్య. అందుకే నాలుగో సూత్రం: పేరు పెట్టి, పని పెట్టి చెప్పండి. మొదటిసారి నెమ్మదిగా చేస్తారు, మధ్యలో లాక్కోకండి.

"అందరికీ పంచడానికి మాటలూ, బతిమాలడాలూ, అంతకంటే నేనే చేసుకుంటే త్వరగా అయిపోతుంది" అనేవాళ్లున్నారు. అన్ని అభ్యంతరాల్లోకీ బలమైనది ఇదే. మొదటి ఏడాదికి మీ మాటే నిజం. అరిసె తట్టడం నేర్పేలోపు మీరు పది తట్టేస్తారు. కానీ ఈ లెక్క ఒక్క ఏడాదిది. ఈ ఏడాది నేర్చుకున్న చేయి వచ్చే ఏడాది నేర్పకుండానే కూర్చుంటుంది, ఆ పైఏడు ఇంకొకరికి నేర్పుతుంది. మీరొక్కరే చేసుకుంటూ పోతే ఏటేటా మీ వయసు పెరుగుతుంది, పని మాత్రం తగ్గదు. చివరికి మీతోనే ఆ వంటా ఆ కుట్టూ ఆగిపోతాయి. ఇంటి వంటలు మరుగున పడేది చాలావరకు ఇలాగే: ఇష్టం లేక కాదు, చేతికి అందించక.

"మేం విదేశంలో ఉంటున్నాం, చుట్టూ ఎవరూ లేరు" అంటే, మూడు పనులను ఒకటికి తగ్గించండి. ఆ ఊళ్లోని రెండు మూడు తెలుగు కుటుంబాలను ఒక శనివారం పిలిచి, వచ్చిన వాళ్లందరితో కలిసి కజ్జికాయలు చేసి, డబ్బాలు పంచుకోండి. దూరం పంపాలంటే గులాబీ పువ్వులు విరుగుతాయి, కజ్జికాయలూ అరిసెలూ నిలుస్తాయి. అక్కడి చలికి బొంత నిజంగా పనికొస్తుంది, ఊరి నుంచి వచ్చే అమ్మ సంచిలో రెండు పాత నూలు చీరలు పెట్టించుకోండి.

ఇప్పుడు ఏం చేయాలి?

ఈ వారంలోనే ఒక పూట ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఈ క్రిస్మస్‌కు మనం చేతితో చేసే మూడు పనులు ఏవి? ఒక్కోదానిలో ఎవరి వాటా ఏమిటి? ఏ ఆదివారం ఎన్ని గంటలు? జవాబులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఎవరి పేరు పక్కన అయినా రెండు కంటే ఎక్కువ పనులు ఉంటే ఒకటి కొట్టేసి ఇంకొకరికి రాయండి. అలా రాయడానికి ఎవరూ లేకపోతే ఆ పనినే తీసేయండి. పండుగ అయ్యాక అదే కాగితం మీద ఏ పనికి ఎంతసేపు పట్టిందో, ఏది మిగిలిపోయిందో రాసి దాచుకోండి. వచ్చే నవంబరులో అంచనాలు వేయడానికి అంతకంటే నమ్మదగ్గ లెక్క మీకు దొరకదు. మొదటి ఏడాది మూడింట్లో రెండే పూర్తయ్యాయా? స్టార్‌కు ఒక కొమ్ము కాస్త వంకర తిరిగిందా? ఏం ఫరవాలేదు. ఆ పనిలో ఎన్ని చేతులు పడ్డాయో లెక్కపెట్టండి. నిరుటి కంటే ఒక జత ఎక్కువైతే మీరు సరైన దారిలోనే ఉన్నారు.